మహేంద్రగిరి: సవరల కొండ, యాత్రికుల కొండ

మహేంద్రగిరి తూర్పు కనుమల్లో ఆంధ్ర–ఒడిశా సరిహద్దు మీద ఉన్న పర్వతం. ఎత్తు 1,501 మీటర్లు. ఒడిశాలోని ఎత్తయిన శిఖరాల్లో ఇదొకటి. శిఖరం గజపతి జిల్లా రాయగడ బ్లాకులో ఉంది. కొండల వరస మాత్రం తూర్పుకు దిగి శ్రీకాకుళం జిల్లా మందస మండలం దాకా వస్తుంది. కంచిలికి ఇది పడమట, పలాసకు ఉత్తరాన కనిపిస్తుంది. వాన వెలిసిన పూట ఉద్దానం కొబ్బరితోటల మీదుగా చూస్తే దీని రూపురేఖలు స్పష్టంగా తెలుస్తాయి.

పురాణాలు దీన్ని పరశురాముడి తపోభూమి అన్నాయి. కళింగ గంగరాజులు తమ కులదైవం గోకర్ణస్వామి నివాసం అన్నారు. ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. ఈ మూడు గుర్తింపులకూ ముందునుంచి ఇక్కడ ఉన్నవారు సవరలు. కొండకు వచ్చేవారిలో ఎక్కువమంది శివరాత్రి యాత్రికులు, చలికాలపు విహారులు. వారికి గుళ్లు కనబడినంతగా సవరల వారసత్వం కనబడదు. ఈ వ్యాసం కొండ చరిత్రతోపాటు ఆ వారసత్వాన్ని, దాన్ని కాపాడే చట్టాలను, చూడబోయేవారు పాటించవలసిన మర్యాదను వివరిస్తుంది.

ఉనికి, నీళ్లు

మహేంద్రగిరి నుంచి బంగాళాఖాతం గాలివాటున ముప్పై కిలోమీటర్ల లోపే ఉంటుంది. సముద్రానికి ఇంత దగ్గరగా ఇంత ఎత్తు లేచిన కొండ తూర్పు తీరంలో అరుదు. సముద్రపు తేమగాలి నేరుగా వచ్చి తగలడంతో పైభాగంలో ఏడాదిలో చాలా నెలలు మంచు కమ్ముకుని ఉంటుంది. దిగువన పలాస జీడితోటలు ఎండకు మాడుతున్న రోజుల్లోనూ పైన చల్లగానే ఉంటుంది.

ఈ కొండల్లో పుట్టిన నదులకు మహేంద్రతనయ అని పేరు. ఆ పేరున రెండు నదులున్నాయి. ఒకటి తూర్పుకు పారి సోంపేట దగ్గరి బారువ వద్ద సముద్రంలో కలుస్తుంది. రెండోది పడమటి వైపు దిగి పర్లాకిమిడి పక్కనుంచి సాగి, గొట్టా బ్యారేజీకి ఎగువన వంశధారలో కలుస్తుంది. అంటే ఉత్తర శ్రీకాకుళంలో ఇరువైపుల పొలాలకూ ఈ కొండ అడవే నీటి మూలం. పైన చెట్టు పోతే వాన నీరు ఒక్కసారిగా దిగి వరదవుతుంది. వేసవిలో ఊటలు ఎండిపోతాయి. కొండ మీది అడవి మైదానపు రైతుకు కూడా ఆస్తే.

అడవి

దిగువ వాలుల్లో ఆకురాల్చే అడవి, పైకి వెళ్లేకొద్దీ చెమ్మగల అడవి, శిఖరం చుట్టూ గడ్డిమైదానాలు కనిపిస్తాయి. వాగుల వెంబడి ఫెర్నులు, రాళ్ల మీద నాచు, చెట్ల కొమ్మల మీద ఆర్కిడ్లు పెరుగుతాయి. ఔషధ మొక్కలకు ఈ కొండ చాలాకాలంగా పేరు పొందింది. వృక్షశాస్త్రజ్ఞులు, ఆయుర్వేద వైద్యులు, నాటువైద్యులు అందరూ ఇక్కడికి వస్తారు. ఆ పేరే మొక్కలకు ప్రమాదమైంది. సర్పగంధి వంటి వేరుమందులను బయటి వ్యాపారులు మొదలంటా పెకిలించి పట్టుకుపోతే మళ్లీ మొలవడానికి ఏమీ మిగలదు.

గజపతి జిల్లాలోనే లఖారి లోయ అభయారణ్యం ఉంది. అక్కడి ఏనుగులు 2000ల దశకంలో సరిహద్దు దాటి ఆంధ్ర వైపు సీతంపేట, పాలకొండ ప్రాంతాలకు దిగాయి. మనుషుల ప్రాణాలు పోయాయి, పంటలు నాశనమయ్యాయి, ఏనుగులూ చనిపోయాయి. రాష్ట్రాల మధ్య గీసిన గీతను అడవి పాటించదని ఆ సంఘటనలు జనానికి తెలియజేశాయి.

సవరలు

సవరలు ఈ కొండల ఆదివాసులు. ఒడిశాలో వీరిని సౌర, సోర అంటారు. వారి భాషలో వారి పేరూ సోరయే. ఆంధ్రప్రదేశ్‌లో వీరు ఎక్కువగా శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో ఉన్నారు. సీతంపేట, భామిని, మెళియాపుట్టి, మందస మండలాల్లో వారి గూడేలు కొండవాలుల మీద కనిపిస్తాయి. కొండసవరలను ఆంధ్రలోనూ, లాంజియా సౌరలను ఒడిశాలోనూ ముఖ్యంగా ఆదుకోవలసిన ఆదివాసీ సమూహాల జాబితాలో చేర్చారు.

సవర భాష తెలుగుకు గాని ఒడియాకు గాని చుట్టం కాదు. అది ఆస్ట్రో–ఆసియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు చెందింది. సంతాలీ, ముండారి, గదబల గుతోబ్ దానికి దగ్గరి బంధువులు. దూరపు బంధువులు కంబోడియా ఖ్మేర్, వియత్నామీస్. దేశంలో ముండా భాషలు విస్తరించిన నేలకు దక్షిణపు అంచుల్లో ఈ ప్రాంతం ఒకటి.

సవరల పూర్వీకులుగా భావించే శబరుల ప్రస్తావన పాత గ్రంథాల్లో చాలా ముందే వస్తుంది. ఐతరేయ బ్రాహ్మణం విశ్వామిత్రుడి శాపానికి గురైన సంతతిని చెబుతూ ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అని వరుసగా పేర్కొంది. ఆంధ్ర శబ్దం దొరికే అతి ప్రాచీన గ్రంథాల్లో అదొకటి. తెలుగువారి చరిత్ర పుస్తకాల్లో ఆ జాబితా తరచూ కనబడుతుంది గాని, పక్కనున్న శబరుల పేరు దగ్గర ఆగేవారు తక్కువ. పూరీ జగన్నాథుడి కథలో నీలమాధవుణ్ణి ముందు పూజించినవాడు విశ్వావసు అనే శబర నాయకుడు. శ్రీముఖలింగం స్థలపురాణంలో ఇప్పచెట్టు మొదలులో శివుడు దొరికింది శబరులకే. ఆ దేవుడి పేరే మధుకేశ్వరుడు. ఈ నేలమీది పెద్ద గుళ్ల పుట్టుకలో సవర చేయి ఉందని పురాణాలే ఒప్పుకున్నాయి.

పోడు, పండుగ, సంత

సవరల సాంప్రదాయిక జీవనం పోడు సేద్యం. కొండవాలు మీద పొదలు కొట్టి, ఎండాక కాల్చి, తొలకరికి చోళ్లు, సామలు, కొర్రలు, జొన్నలు, కందులు కలిపి చల్లుతారు. కొన్నేళ్లకు ఆ చెక్క వదిలి మరో చోటికి పోతారు. వదిలిన నేల మళ్లీ అడవవుతుంది. జనం పెరిగి, అడవి తగ్గి, ఆ విరామం కుంచించుకుపోవడంతో పోడు బలహీనపడింది. వాగుల పక్కన రాళ్లతో కట్టలు పేర్చి మెట్టుమెట్టుగా వరి పండించే నేర్పు కూడా వీరికి పాతదే. ఒక్కొక్క రాయి ఎత్తి కట్టిన ఈ మెట్లపొలాలను వెరియర్ ఎల్విన్ వంటి పరిశీలకులు ఎంతగానో మెచ్చుకున్నారు. ఇప్పుడు జీడి, అనాస, పసుపు కూడా కొండెక్కాయి.

కొత్త పంటను దేవతలకూ పితరులకూ పెట్టకుండా నోట పెట్టకూడదన్నది సవర సంప్రదాయం. కందులు వచ్చినప్పుడు కందికొత్తల పండుగ, మామిడి కాసినప్పుడు టెంక పండుగ చేస్తారు. ఇది నేలతో చేసుకున్న ఒప్పందం లాంటిది. పండుగ కాకముందే కోసుకోరు గనుక కాయ పక్వానికి వస్తుంది, విత్తనం మిగులుతుంది. పూజ చేసేవాడు జన్నోడు. దేవతలు, చనిపోయినవారు ఒంటిమీదికి వచ్చి మాట్లాడే మధ్యవర్తి ఎజ్జోడు. ఆడవారు కూడా ఆ స్థానంలో ఉంటారు. కొన్ని సవర ప్రాంతాల్లో చావుకు సంబంధించిన పెద్ద క్రతువులు ఆడవారే నడిపేవారు.

జీలుగు చెట్టు సవర సంస్కృతిలో ప్రత్యేకం. ఫలానా చెట్టు ఫలానా కుటుంబానిదని ఊరందరికీ తెలుసు. తండ్రి నుంచి కొడుకులకు ఆస్తిగా వస్తుంది. జీలుగు కల్లు పొద్దున్నే చెట్టు కింద కూర్చుని పంచుకుని తాగేది. ఊరి కబురు, తగువుల తీర్పు, పెళ్లి మాట అక్కడే నడుస్తాయి.

మైదానంతో సవరలకు సంబంధం వారపు సంత ద్వారా. కొండచీపుర్లు, అడ్డాకులు, చింతపండు, పసుపు, కరక్కాయ దిగుతాయి. ఉప్పు, ఎండుచేపలు, బట్ట ఎక్కుతాయి. ఈ మారకంలో తూకంలో, ధరలో, అప్పులో కొండవారు శతాబ్దాలుగా నష్టపోయారు. ఆ దోపిడీకి అడ్డుకట్టగా 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. తరవాత సీతంపేటలో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ వచ్చింది.

గోడబొమ్మలు, నిలువురాళ్లు

సవర చిత్రకళను ఇప్పుడు పట్నాల్లో చీరల మీద, కాన్వాసు మీద చూస్తున్నాం. దాని అసలు తావు ఇంటిగోడ. ఎర్రమట్టితో అలికిన గోడ మీద, నానబెట్టి నూరిన బియ్యపు పిండితో, నమిలి మెత్తబరిచిన పుల్ల కుంచెగా వేస్తారు. ఒడిశాలో ఈ బొమ్మను ఇడితాల్ అంటారు. ఇంట్లో జబ్బు చేసినా, పంట దెబ్బతిన్నా, చనిపోయినవారు కలలో కనిపించి అలిగినా ఏ బొమ్మ వేయాలో ఎజ్జోడు చెబుతాడు. గీసేవాడు దేవతకో పితరుడికో ఒక ఇల్లు కడతాడు. చతురస్రపు చట్రం ఆ ఇంటి గోడ. లోపల సూర్యుడు, చంద్రుడు, గుర్రాల మీద మనుషులు, ఏనుగులు, నెమళ్లు, చేతులు పట్టుకుని ఆడేవారు, కుండలు, చెట్లు, కోతులు వరుసలు వరుసలుగా ఉంటాయి. బొమ్మ ముందు అన్నం, కల్లు పెట్టి ఆహ్వానిస్తే ఆ ఆత్మ వచ్చి అందులో కాపురం చేస్తుందని నమ్మకం.

1940ల్లో ఈ కొండల్లో తిరిగిన ఎల్విన్ ఈ బొమ్మలను విస్తారంగా నమోదు చేశాడు. అప్పటికే వాటిలో విమానాలు, తుపాకులు, కచేరీ ఉద్యోగులు చేరారు. సవర చిత్రకారుడు తన చుట్టూ మారుతున్న లోకాన్ని దేవతల ఇంట్లోకీ తెచ్చాడు. అందువల్ల ఈ కళను వేల ఏళ్లుగా మారకుండా నిలిచిపోయిన గుహచిత్రాలతో పోల్చడం పొరపాటు. ఇది ఎప్పటికప్పుడు చెరిగి, మళ్లీ వేయబడే కళ.

గూడేల శివార్లలో గుంపుగా నిలబెట్టిన రాళ్లు ఇంకొక వారసత్వం. మనిషి చనిపోయాక కొంతకాలానికి జరిపే గువార్ అనే క్రతువులో అతని పేరున రాయి పాతుతారు, దున్నపోతును బలి ఇస్తారు. ఒక్కో వంశానికి ఒక్కో గుంపు. శాసనం లేని ఈ రాళ్లే సవరల వంశచరిత్ర. దారిన పోయేవారికి అవి మామూలు బండరాళ్లలా కనిపిస్తాయి. వాటి మీద కూర్చోవడం, ఎక్కి ఫొటోలు దిగడం సమాధి తొక్కినంత తప్పు.

రాజుల కొండ

కొండ గురించి రాతలో మిగిలిన చరిత్ర రాజులది. కాళిదాసు రఘువంశంలో రఘువు కళింగాన్ని గెలిచే ఘట్టంలో మహేంద్రం వస్తుంది. సముద్రగుప్తుడి అలహాబాదు ప్రశస్తిలో దక్షిణాది రాజుల వరుసలో మహేంద్రగిరి పదం ఉంది. అది కొండ పేరా, రాజు పేరా అన్నదానిపై చరిత్రకారులు భిన్నంగా చదివారు.

తూర్పు గంగరాజుల రాగిశాసనాలు మహేంద్రాచల శిఖరాన ప్రతిష్ఠితుడైన గోకర్ణస్వామికి నమస్కరించి మొదలవుతాయి. వారి రాజధాని కళింగనగరం నేటి శ్రీముఖలింగం ప్రాంతమని అత్యధికుల అభిప్రాయం. అనంతవర్మ చోడగంగదేవుడి శాసనాలు వంశమూలాన్ని ఇలా చెబుతాయి: కామార్ణవుడు తమ్ముళ్లతో వచ్చి మహేంద్రగిరి ఎక్కి, గోకర్ణస్వామిని కొలిచి, వృషభ లాంఛనాన్ని వరంగా పొంది, కొండ దిగి, శబరాదిత్యుడనే రాజును చంపి కళింగాన్ని పట్టుకున్నాడు. కొన్ని శాసనాల్లో ఆ ఓడినవాడి పేరు బాలాదిత్యుడని ఉంది. శబరాదిత్యుడన్న పాఠాన్ని తీసుకుంటే, ఈ సీమను ఎవరి చేతి నుంచి తీసుకున్నారో రాజులు తామే చెక్కించుకున్నట్టు. వంశగాథలో చరిత్ర పాలు ఎంతైనా, కొండకు శబర ప్రభువు ఉండేవాడన్న జ్ఞాపకం రాజాస్థానంలో 12వ శతాబ్దం నాటికీ చెరిగిపోలేదు.

11వ శతాబ్దంలో రాజేంద్రచోళుడి సైన్యం ఇక్కడికి వచ్చింది. కులూత రాజు విమలాదిత్యుణ్ణి ఓడించి మహేంద్రగిరి మీద విజయస్తంభం నిలిపినట్టు సంస్కృత, తమిళ శాసనాలున్నాయి. వాటి పక్కన పులి, చేపల గుర్తులు చెక్కి ఉన్నాయి.

శిఖర ప్రాంతంలో మిగిలిన రాతి గుళ్లను జనం భీముడి గుడి, ధర్మరాజు గుడి, కుంతి గుడి అంటారు. పాండవులు అజ్ఞాతవాసంలో ఇక్కడ తలదాచుకున్నారన్న కథ ఆ పేర్లకు ఆధారం. భీముడి గుడి పెద్దపెద్ద రాతి దిమ్మెలను పేర్చి కట్టిన చిన్న కట్టడం. ఒడిశాలోని తొలినాటి ఆలయాల్లో దాన్ని చేరుస్తారు. కుంతి గుడినే గోకర్ణేశ్వరాలయం అంటారు. శివరాత్రికి ఒడిశా, ఆంధ్ర రెండు వైపుల నుంచి వేలాదిమంది ఎక్కి జాగరం చేస్తారు.

భాషను పుస్తకానికి ఎక్కించినవారు

సవర భాషకు మొదటి పెద్ద వ్యాకరణం, నిఘంటువు కూర్చినవాడు గిడుగు వెంకటరామమూర్తి. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరాడు. సవరలను సంతల్లో, కొండల్లో కలిసి, భాష తెలిసినవారిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. అడవి జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలన్నది ఆయన పట్టు. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటాన్ని మనం ఏటా ఆగస్టు 29న తలుచుకుంటాం. ఆ పోరాటానికి బీజం సవర గూడేల్లో పడిందనుకోవడానికి ఆధారం ఆయన జీవితమే: మనిషి మాట్లాడే భాషే చదువుకు భాష కావాలన్న నమ్మకం రెండుచోట్లా ఒక్కటే.

సవరల్లోంచే ఒక లిపి పుట్టింది. 1936లో మంగై గొమాంగో సోర సొంపెంగ్ లిపిని రూపొందించాడు. దానికి ఒక మతోద్యమమూ తోడైంది. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. ఆంధ్ర వైపు బడుల్లో సవర వాచకాలు తెలుగు లిపిలో ఉన్నాయి. ఒడిశాలో ఒడియా లిపి, క్రైస్తవ సంఘాల్లో రోమన్ లిపి నడుస్తున్నాయి. ఒకే భాష నాలుగు లిపుల మధ్య చీలి ఉంది.

1955లో ఎల్విన్ సవరల మతం మీద వెలువరించిన గ్రంథం, పియర్స్ విటెబ్‌స్కీ 1993లో, 2017లో రాసిన రెండు పుస్తకాలు ఈ జనం మీద వచ్చిన ముఖ్యమైన మానవశాస్త్ర రచనలు. విటెబ్‌స్కీ మొదటి పుస్తకం చనిపోయినవారితో బతికున్నవారు రోజూ మాట్లాడే సమాజాన్ని చిత్రిస్తే, రెండోది అదే సమాజంలో కొత్త తరం బాప్టిస్టులుగానో హిందూ శాఖల్లోనో చేరి ఆ సంభాషణను ఆపేసిన తీరు చెబుతుంది. ఇవాళ చాలా గూడేల్లో ఎజ్జోడు లేడు, గోడబొమ్మ లేదు, చర్చి ఉంది. ఆ మార్పు కూడా సవరల చరిత్రలో భాగమే. పాత ఆచారం కనబడలేదని నిరాశపడే సందర్శకుడు మనుషుల్ని చూడటానికి రాలేదన్నమాట.

గీతలు, తుపాకులు, హక్కులు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి పట్టణం, మహేంద్రగిరి అటు పోయాయి. మందస, టెక్కలి మద్రాసు రాష్ట్రంలో మిగిలాయి. సవర దేశం రెండు ముక్కలైంది. ఆనాటి చర్చంతా తెలుగా, ఒడియానా అన్నదే. కొండ మీద మూడో భాష ఒకటి ఉందన్న సంగతి సరిహద్దు గీసినవారికి లెక్కలోకి రాలేదు.

అడవి ఎవరిదన్న తగాదా మైదానంలోనూ రక్తం చిందించింది. మందస జమీందారు అడవుల్లో కలప తెచ్చుకునే హక్కు కోసం రైతులు కదిలితే, 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. సాసుమాను గున్నమ్మ, మరికొందరు రైతులు అమరులయ్యారు. వీరగున్నమ్మగా ఆమె పేరు ఉద్దానంలో ఇప్పటికీ నిలిచి ఉంది.

1960ల్లో సీతంపేట, పార్వతీపురం కొండల్లో ఉపాధ్యాయులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం నాయకత్వాన గిరిజన సంఘం కూలి కోసం, భూమి కోసం కదిలింది. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద భూస్వాముల కాల్పుల్లో కోరన్న, మంగన్న అనే గిరిజనులు చనిపోయారు. తరవాత సాగిన సాయుధ పోరాటం, పోలీసు అణచివేత శ్రీకాకుళం పేరును దేశమంతా వినిపించాయి. 1970 జులైలో సత్యం, కైలాసం మరణించారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూబదలాయింపును నిషేధించిన 1/70 చట్టం వచ్చింది ఆ ఏడాదే. 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు ఆ ప్రాంతాల్లో ప్రైవేటు గనుల లీజులను అడ్డుకుంది. కానీ మందస, మెళియాపుట్టి మండలాల్లో అనేక సవర గూడేలు షెడ్యూల్డ్ ప్రాంతం హద్దుల బయట ఉండిపోయాయి. ఆ చట్టాల రక్షణ వారికి అందదు. తమ ఊళ్లనూ చేర్చమని అక్కడివారు అడుగుతూనే ఉన్నారు.

జాతీయ పార్కా, వారసత్వ స్థలమా

మహేంద్రగిరి జాతీయ పార్కు కాదు. ఈ తేడా ముఖ్యం. 1972 వన్యప్రాణి చట్టం కింద జాతీయ పార్కు ప్రకటిస్తే లోపల మనుషుల హక్కులన్నీ తీరిపోవాలి. పశువులు మేపకూడదు, అటవీ ఉత్పత్తులు ఏరకూడదు. ఆంధ్రలో 2008లో ఏర్పడిన పాపికొండ జాతీయ పార్కులో కొండరెడ్లకు ఎదురైన చిక్కు ఇదే.

2002 జీవవైవిధ్య చట్టం కింద వచ్చే వారసత్వ స్థలం గుర్తింపు వేరు. స్థానిక సంస్థలను సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ప్రకటిస్తుంది. స్థానికులు తాముగా ఒప్పుకుంటే తప్ప వారి అలవాట్ల మీద కొత్త ఆంక్షలు పెట్టరాదని మార్గదర్శకాలు చెబుతాయి. ఒడిశాలో 2019లో మందాసరు లోయ మొదట ఈ గుర్తింపు పొందింది. తరవాతది మహేంద్రగిరి. దీనికి 2006 అటవీ హక్కుల చట్టం తోడైతే గ్రామసభలు సామూహిక అటవీ హక్కు పొంది, అడవిని తామే నిర్వహించుకోవచ్చు. కాగితం మీద ఇది బలమైన ఏర్పాటు. ఒడిశాలోని నియమగిరిలో అటవీ హక్కుల చట్టం పనిచేసింది కూడా: సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18 తీర్పు ప్రకారం అక్కడి 12 గ్రామసభలను అడిగితే, అన్నీ బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాయి.

ఉలురు చూపిన దారి

ఆదివాసుల పవిత్రస్థలానికి సందర్శకులు వచ్చే చోట ఏ నియమం ఉండాలన్న ప్రశ్నకు ప్రపంచంలో ఎక్కువగా ఉదాహరించేది ఆస్ట్రేలియా నడిబొడ్డు ఎడారిలోని ఉలురు–కటా జుటా జాతీయ పార్కు. ఉలురు చుట్టూ ఉన్న ఎర్ర ఇసుకనేల నుంచి 348 మీటర్లు లేచిన ఒంటి ఇసుకరాతి కొండ. చుట్టూ నడిస్తే తొమ్మిది కిలోమీటర్లు పైచిలుకు. అది అనంగు ఆదివాసులది. 1873లో విలియం గాస్ అనే సర్వేయరు దానికి దక్షిణ ఆస్ట్రేలియా రాజకీయవేత్త హెన్రీ అయర్స్ పేరు పెట్టాడు. 1950లో పార్కు చేశారు. పర్యాటకులు గొలుసు పట్టుకుని పైకి ఎక్కేవారు. పైకి పోయే దారి అనంగుల పూర్వీకుల పవిత్ర మార్గం, ఎక్కవద్దని వారు ఎంత చెప్పినా ఆగలేదు.

1985 అక్టోబరు 26న ప్రభుత్వం భూమి హక్కుపత్రం అనంగులకు తిరిగి ఇచ్చింది. వారు దాన్ని 99 ఏళ్లకు పార్కు సంస్థకు లీజుకిచ్చారు. పాలకమండలిలో వారిదే మెజారిటీ. యునెస్కో 1987లో ప్రకృతి విలువకు, 1994లో సంస్కృతి విలువకు దాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. 2017లో మండలి ఏకగ్రీవంగా ఎక్కడాన్ని నిషేధించాలని నిర్ణయించింది. 2019 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. కొన్ని చోట్ల ఫొటోలు తీయరాదన్న బోర్డులుంటాయి. కొండ చుట్టూ అనంగు గైడ్లతో నడవడం, వారి కథలు వినడం ఇప్పుడు అక్కడి ముఖ్య కార్యక్రమం.

మహేంద్రగిరిని ఉలురుతో తూచలేం. ఇక్కడ గుడికి ఎక్కే హిందూ యాత్రికుడికీ శతాబ్దాల హక్కుంది. కొండ ఎక్కడాన్ని ఆపమని సవరలూ కోరడం లేదు. ఉలురు నుంచి తీసుకోవలసింది ఒక్కటే: యాత్ర నియమాలు, రుసుములు, గైడ్లు, పార్కింగ్, దుకాణాలు అనే నిర్ణయాల బల్ల దగ్గర ఆ కొండవారు కూర్చుని ఉండాలి.

చూడబోయేవారికి

హౌరా–చెన్నై రైలుమార్గంలో పలాస పెద్ద స్టేషను. మందస రోడ్, కంచిలిలో ఉన్న సోంపేట స్టేషన్ కూడా దగ్గరే. 16వ నంబరు జాతీయ రహదారి ఈ ఊళ్లన్నిటినీ కలుపుతుంది. పలాస నుంచి మెళియాపుట్టి మీదుగా గాని, టెక్కలి నుంచి పాతపట్నం మీదుగా గాని పర్లాకిమిడి చేరి, అక్కడి నుంచి రాయగడ బ్లాకు, కోయిన్‌పూర్ మీదుగా కొండ ఎక్కే రోడ్డు ఉంది. ఈ రాయగడ వేరు, రాయగడ జిల్లా కేంద్రం వేరు. దారి అడిగేటప్పుడు పొరబడకూడదు.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. వానాకాలంలో మంచు దట్టంగా కమ్మి మలుపులు కనబడవు, రాళ్లు జారతాయి, జలగలు పడతాయి. శివరాత్రికి రద్దీ ఎక్కువ. గుళ్లకోసమే వచ్చేవారు ఆ పండుగకు అటూ ఇటూ వారం వదిలి వస్తే శాసనాలను నింపాదిగా చూడవచ్చు. నీళ్లు, తిండి, చలిబట్ట వెంట ఉండాలి. పర్లాకిమిడిలో గజపతుల కోట, గిడుగు పనిచేసిన ఊరి వీధులు, నౌపడా నుంచి 1900లో వేసిన చిన్న రైలుదారి చరిత్ర కూడా చూడదగ్గవి.

గూడెంలోకి వెళ్లేముందు ఊరి పెద్దను పలకరించాలి. ఇంటిలోపలి బొమ్మ పూజాస్థలం, అనుమతి లేకుండా కెమెరా ఎత్తకూడదు. నిలువురాళ్లను తాకకూడదు. పండుగ రోజున పిలిస్తేనే పోవాలి. బొమ్మ, చీపురు, తేనె, పసుపు ఏది కొన్నా వారి చేతినుంచే కొనాలి, బేరం సంతకు తగినంతే చేయాలి. మొక్క పెకిలించకూడదు. తెచ్చిన ప్లాస్టిక్ దించుకుపోవాలి. మద్యం పట్టుకుని గూడేల్లోకి పోవడం వారి కల్లు సంస్కృతికి మర్యాద కాదు, అవమానం.

అంచనా

మహేంద్రగిరి మీద రాజులు వేయించిన శాసనాలను తర్జుమా చేసి భద్రపరిచాం. సవర భాషను మాత్రం గిడుగు తర్వాత తెలుగు విశ్వవిద్యాలయాలు, ప్రచురణ సంస్థలు అంత శ్రద్ధగా పట్టించుకోలేదు. నిలువురాళ్ల తావులు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించిన పటం గాని, గోడబొమ్మల సంపూర్ణ చిత్రసంచిక గాని తెలుగులో రావలసి ఉంది. ఆ పని సవర యువకుల చేతుల్లో, సవర బడుల్లో మొదలుకావాలి. కొండకు వెళ్లే తెలుగు యాత్రికుడు చేయగలిగింది చిన్నదే అయినా అవసరమైనది: గోకర్ణేశ్వరుడికి దండం పెట్టేముందు ఆ దారిలో నీళ్లిచ్చిన సవర గూడెం పేరు తెలుసుకుని, అక్కడి మనిషినే దారి చూపమని అడిగి, ఆ పనికి తగిన కూలి ఇవ్వండి.